లైనర్లు మార్చే ముందు డ్రమ్ము విప్పించండి

వాగు దాటొచ్చాక జీపు వెనక బ్రేకు పట్టట్లేదు, కొత్త లైనర్లు (డ్రమ్ముని లోపల్నించి ఒరుసుకుని చక్రాన్ని ఆపే బ్రేకు షూల మీది పట్టీలు) వేయించినా మళ్ళీ అదే, పెడల్ మాత్రం గట్టిగానే ఉంది అన్నారు కదా. అయితే లైనర్ల తప్పు కాదండి. పెడల్ మెత్తగా లోపలికి పోతే బ్రేకు పైపుల్లో ఎయిరో, లీకో, పెడల్ తొక్కితే బ్రేకాయిల్‌ని పైపుల్లోకి నెట్టే మాస్టర్ సిలిండరో అనుకోవాలి. గట్టిగా ఉండి కూడా బండి ఆగట్లేదంటే లైనర్ మీద ఆయిల్ పడుతోందేమో ముందు చూడాలి.

మాకూ ఇదే అయింది. మారేడుమిల్లి దగ్గర వాగులు దాటి గుడిసె కొండెక్కాం, దిగేటప్పుడు బ్రేకు తొక్కితే బండి కుడికి లాగేస్తోంది. మా బావమరిది "బావా, ఎడం చక్రం దగ్గర మాడు వాసన" అన్నాడు. ఫోర్ లో (నాలుగు చక్రాలూ తిరిగే తక్కువ స్పీడు గేరు) వేసి ఫస్ట్ గేర్లో ఇంజిన్ మీదే దింపా. రాజమండ్రిలో షెడ్డుకి పట్టుకెళ్తే చక్రం కూడా విప్పకుండానే "లైనర్లు అయిపోయాయి సార్, మార్చేస్తే సరిపోద్ది" అన్నాడు మెకానిక్. ఇదే నాకు మండేది, చూడకుండా చెప్పేస్తారు. పక్కన నిలబడి విప్పించా. హ్యాండ్ బ్రేకు వదిలేసి, అడ్జస్టర్ వెనక్కి తిప్పి, డ్రమ్ముకున్న మర రంధ్రాల్లో బోల్టులు బిగిస్తే డ్రమ్ము ఊడొచ్చింది. లోపల బురదా ఆయిలూ కలిసి నల్లటి ముద్ద, షూ కింది అంచున పేరుకుపోయి ఉంది. వేలికి తీసి వాసన చూస్తే గంధకం కంపు, అంటే క్రౌన్ ఆయిల్, వెనక యాక్సిల్ హౌసింగ్‌లో గేర్లకి పోసే ఆయిల్. బ్రేకాయిలైతే పల్చగా ఉంటుంది, నీళ్ళతో కడిగితే పోతుంది, షూలని డ్రమ్ము మీదకి తోసే వీల్ సిలిండర్ రబ్బరు ఎత్తితే కింద తడి కనిపిస్తుంది. మాది పొడిగానే ఉంది.

సరే, ఆ ఆయిల్ చక్రం వైపు రాకుండా ఆపే యాక్సిల్ సీల్ మార్చేద్దాం అన్నాడు మెకానిక్. మార్చు, కానీ అదెందుకు పోయిందో చూడు అన్నా. హౌసింగ్ మీద గాలి పోయి వచ్చే చిన్న బ్రీదర్ ఉంటుంది కదా, అది బురదతో పూడుకుపోయింది. వేడెక్కిన హౌసింగ్‌లో గాలి పోయే దారిలేక సీల్ మీద ఒత్తిడి పడుతుంది, అక్కడినుంచి ఆయిల్ డ్రమ్ములోకి కారుతుంది. అదే వేడి హౌసింగ్ ఒక్కసారి వాగు నీళ్ళలో దిగితే లోపలి గాలి కుంచించుకుని సీల్ సందుల్లోంచి నీళ్ళు లాక్కుంటుంది, ఆయిల్ పాల రంగుకి తిరిగిందంటే అదే. బ్రీదర్ విప్పి కడిగి, దానికి గొట్టం తగిలించి ఛాసిస్ పైదాకా తీసుకెళ్ళాం, సీలూ క్రౌన్ ఆయిలూ మార్చాం, ఆ తర్వాత మళ్ళీ కారలేదు. మీ బండిలో కూడా బ్రీదరే అయ్యుంటుంది, పందెం.

ఆయిల్ పీల్చుకున్న లైనర్లని పెట్రోలు పోసి కాల్చి మళ్ళీ వేస్తామంటారు, ఒప్పుకోవద్దు, రెండు పక్కలా కొత్తవే వేయించండి. డ్రమ్ములో దుమ్ముని గాలి కొట్టి ఊదనివ్వద్దు, పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ షెడ్డు కుర్రాళ్ళు ముక్కుకి గుడ్డ కూడా కట్టుకోరు, చూస్తే బాధేస్తుంది.

ఇంకోటి, బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ వేయించారా? కొన్ని బళ్ళకి వెనక యాక్సిల్ దగ్గర, బండిలో బరువుని బట్టి వెనక బ్రేకు ప్రెషర్ మార్చే లోడ్ సెన్సింగ్ వాల్వ్ ఉంటుంది, బండి ఎత్తు పెంచి దాన్ని సరిచేయకపోతే బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకుకి ప్రెషర్ తగ్గించేస్తుంది. లైట్ బార్లకీ టైర్లకీ లక్షలు పోస్తారు, ఇది మాత్రం ఎవరూ చూడరు.

వీల్ సిలిండర్ గానీ పైపు గానీ విప్పారంటే పైపుల్లో చేరిన ఎయిర్ తీయాల్సిందే, మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉండే వెనక ఎడం చక్రంతో మొదలుపెట్టించండి. బ్రేకాయిల్ సీసా అప్పటికప్పుడు మూత తీసిందే వాడమనండి, తెరిచి పెట్టింది గాల్లో తేమ పీల్చేస్తుంది. డాట్ 3 రకం బ్రేకాయిల్ తేమ లేకుండా ఉంటే 205 డిగ్రీలకి గానీ మరగదు, తేమ పడితే 140కే మరిగిపోతుంది, ఘాట్ దిగుతుంటే అంత వేడి రావచ్చు.