ఇంటి బడి: రెండు రోజులు చర్చి హాల్లో, మూడు రోజులు ఫోన్లో
పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా సంఘంలో ఆరు కుటుంబాల వాళ్ళం పిల్లల్ని ఇంట్లోనే చదివించుకుందామనుకుంటున్నాం. మొత్తం 12 మంది, ఆరేళ్ళ నుంచి పదమూడేళ్ళ వరకు. మంగళ, శుక్రవారాలు చర్చి హాల్లో, మిగతా మూడు రోజులు విజయనగరంలో ఉండే టీచరు గారితో ఆన్‌లైన్లో. ఏ పాఠం ఎక్కడ పెట్టుకోవాలో తేలడం లేదు. – ఒక తల్లి, పర్లాకిమిడి (ఒడిశా)

జవాబు: వందనాలమ్మా. రోజులు బాగా ఎంచుకున్నారు. మంగళవారం ఇచ్చిన పని బుధ, గురువారాల్లో చేసి శుక్రవారం చూపించుకోవచ్చు. సోమవారం పెట్టుకుంటే ఆదివారం ఆరాధన, సండే స్కూలు అలసట పిల్లల్ని సగం పూట కదలనివ్వదు.

పొద్దున తొమ్మిది నుంచి పన్నెండున్నర దాకా అనుకుంటే హాల్లో మీకు దొరికేది వారానికి ఏడు గంటలే. పుస్తకం చదివి వినిపించడానికి వాటిని వాడకండి. ఫోన్లో కుదరనివే అక్కడ పెట్టండి: సైన్సు ప్రయోగం, ఒడియా మాట్లాడించడం, చేతిరాత, డిక్టేషన్, పాటలు, బైబిల్ కంఠత వాక్యాలు, లెక్కల్లో కొత్త పద్ధతి. లెక్కలు మొదటి గంటలోనే కానివ్వండి. భిన్నాల కూడిక కాగితం మడతపెట్టి చూపిస్తే తేలిగ్గా ఎక్కుతుంది. ఫోన్లో అయితే ఎవరు ఏ మెట్టు దగ్గర ఆగిపోయారో టీచరుకు కనబడదు.

ప్రయోగాలకు పెద్ద సామాను అక్కర్లేదు. పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టిన కాగితాలు, సబ్బు నీళ్ళు, నిమ్మకాయలు, వంట సోడా, అయస్కాంతం, 1.5 వోల్టుల బ్యాటరీలు రెండు, బల్బు, రాగి తీగ చాలు. రెండు చోట్ల పొరపాటు జరుగుతుంది. పసుపు కాగితం సబ్బు నీళ్ళకు ఎర్రబడుతుంది గాని నిమ్మరసానికి మారదు. అందుకని ముందు సబ్బుతో ఎర్రబరిచి, దాని మీదే నిమ్మరసం పిండండి, మళ్ళీ పసుపు రంగుకొస్తుంది. ఇప్పటి టార్చీల్లో ఉండేది ఎల్‌ఈడీ. అది ఒక్క బ్యాటరీకి వెలగదు, తీగలు తిరగేసి పెడితే రెండింటికీ వెలగదు. తీగ బల్బు అడిగి కొనండి.

ఆరు నుంచి తొమ్మిదేళ్ళ వాళ్ళు ఒక గుంపు, మిగతావాళ్ళు ఒక గుంపు. చిన్నవాళ్ళకు ఆన్‌లైన్ ఇరవై నిమిషాలు దాటనివ్వకండి. పెద్దవాళ్ళకు నలభై నిమిషాల చొప్పున రెండు విడతలు, మధ్యలో పది నిమిషాల విరామం. జూమ్ ఉచిత ఖాతా 40 నిమిషాలకు ఆగిపోతుంది. గూగుల్ మీట్‌లో ముగ్గురూ అంతకు మించీ ఉంటే 60 నిమిషాలు. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు ఉన్న ఇంట్లో ఇద్దరు పిల్లలు వీడియో పెట్టుకుంటే మధ్యాహ్నానికే డేటా అయిపోతుంది కాబట్టి టీచరు కెమెరా తప్ప మిగతావన్నీ ఆపేయండి. వానాకాలం కరెంటు పోయినా, కొండవైపు ఊళ్ళలో సిగ్నల్ పోయినా పాఠం ఆగకుండా, ముందు రాత్రే పేజీ నంబర్లూ పది నిమిషాల వాయిస్ మెసేజూ వాట్సాప్‌లో పంపమనండి. అది కొద్ది ఎంబీలే.

ఈ ఏర్పాటు చెడేది హాల్లో కాదు, ఫోన్లోనూ కాదు. ఇంట్లో. ఆన్‌లైన్ క్లాసు అయింది కదా, ఇవాళ్టి చదువు అయిపోయిందని తల్లిదండ్రులు అనుకుంటారు. ఆ క్లాసు సందేహాలు తీర్చడానికే. అసలు చదువు ఆ తర్వాత ఇంట్లో జరగాలి: చిన్నవాళ్ళకు గంటన్నర, పెద్దవాళ్ళకు మూడు గంటలు, పక్కన ఒక పెద్దమనిషి ఉండగా. లెక్కలు దిద్దాల్సింది కూడా ఇంట్లోవాళ్ళే. పన్నెండు మంది రోజుకు మూడేసి ఫొటోలు పంపితే టీచరు 36 పేజీలు ఫోన్లో దిద్దాలి. ఆ పని నెల తిరక్కుండానే ఆగిపోతుంది. తప్పుపోయిన లెక్కలు మాత్రమే, రోజుకు ఒక్క ఫొటో పంపండి.

డబ్బు మాట మొదటి రోజే తేల్చుకోండి. సగం కుటుంబాల లెక్కన, సగం పిల్లల లెక్కన వేసుకుంటే గొడవ ఉండదు. మాటవరసకు టీచరుకు నెలకు 12,000 అనుకుందాం. అందులో 6,000 ఆరిళ్ళకు, ఇంటికి వెయ్యి. మిగతా 6,000 పన్నెండు మందికి, తలకు 500. ఒక్క బిడ్డ ఉన్న ఇల్లు 1,500, ముగ్గురున్న ఇల్లు 2,500 ఇస్తాయి.

ప్రశ్న: ఇలా చదివిస్తే చట్టం ఒప్పుకుంటుందా? పదో తరగతి సర్టిఫికెట్టు ఎలా? – ఒక తండ్రి, గుణుపురం

జవాబు: 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యా హక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలది. అందులో ఇంటి చదువు అన్న మాటే లేదు, దాన్ని నిషేధించే సెక్షనూ లేదు. మీరు చూసుకోవాల్సింది 18వ సెక్షన్. గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా, ఆ తర్వాతా నడిపితే రోజుకు 10,000. చర్చి హాలుకు బోర్డు పెట్టి, యూనిఫారం వేసి, వారానికి ఐదు రోజులు గంట కొడితే అధికారి కంటికి అది బడే. బోర్డు వద్దు, అడ్మిషన్ ఫీజు అన్న మాటా వద్దు. వారంలో రెండు రోజులకు మించనివ్వకండి.

పదో తరగతికి ఎన్‌ఐఓఎస్, అంటే జాతీయ సార్వత్రిక విద్యాలయం దారి. పద్నాలుగేళ్ళు నిండాలి. కొందరు పదమూడుకే కట్టించాలని తొందరపడతారు, కుదరదు. ఐదు సబ్జెక్టులు, అందులో భాష ఒకటి తప్పనిసరి, రెండు దాకా తీసుకోవచ్చు. తెలుగు మాధ్యమం ఉంది. ఒక్కసారి నమోదైతే ఐదేళ్ళు చెల్లుతుంది, తొమ్మిది సార్లు పరీక్ష రాయవచ్చు. పరీక్షలు ఏప్రిల్-మేలో, అక్టోబరు-నవంబరులో. టీఎంఏ అనే అసైన్‌మెంట్లకు 20 శాతం వెయిటేజీ. నామమాత్రం అనుకుని వదిలేసినవాళ్ళు చేతులారా మార్కులు పోగొట్టుకుంటారు. సైన్సుకు ప్రాక్టికల్స్ ఉంటాయి కనుక స్టడీ సెంటరు ఎంచుకునేటప్పుడే ఊరు దూరం చూసుకోండి. అంతకన్నా చిన్నవాళ్ళకు అందులోనే ఓబీఈ, అంటే సార్వత్రిక ప్రాథమిక విద్య కోర్సులున్నాయి: ఎ మూడో తరగతికి, బి ఐదుకు, సి ఎనిమిదికి సమానం.

రెండు జాగ్రత్తలు. ఒకటి, రెండో భాషగా ఒడియా తీసుకోండి. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు ఏడో తరగతి స్థాయి ఒడియా పాసైన రుజువు అడుగుతారు. ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లలకు ఇది తర్వాత పెద్ద అడ్డంకి. రెండు, పేరు. బాప్తిస్మపు పేరు ఒకటి, జనన ధ్రువపత్రంలో పేరు ఒకటి, ఆధార్‌లో ఇంటిపేరు లేకుండా మరొకటి. నమోదుకు ముందే మూడూ ఒక్కటి చేయించండి.

ప్రశ్న: బంధువులు అమెరికా నుంచి క్రైస్తవ హోంస్కూలు పుస్తకాల సెట్టు పంపారు. అవే చాలా? – రాయగడ

జవాబు: చాలవు. అంగుళాలు, పౌండ్లు, వాళ్ళ దేశ చరిత్ర ఎన్‌ఐఓఎస్ పరీక్షకు పనికిరావు. బైబిల్ పాఠాలకు, ఇంగ్లీషు చదవడానికి మాత్రం భేషుగ్గా ఉంటాయి. అక్కడి నుంచి తెచ్చుకోవాల్సింది వేరే ఉంది. టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో 1993లో మొదలైన యూనివర్సిటీ మోడల్ బడుల్లో, కొన్ని రోజులు బడి, కొన్ని రోజులు ఇల్లు. ఇంట్లో తల్లిదండ్రులు ఏ సబ్జెక్టులో ఏం చేయాలో ముందే రాసిస్తారు. మీ టీచరు గారితో అలాంటి కాగితం సబ్జెక్టుకొకటి రాయించుకోండి.

ప్రశ్న: పక్కింటి హిందూ పిల్లలిద్దరు మా గుంపులో చేరతామంటున్నారు. చేర్చుకోవచ్చా? – జయపురం

జవాబు: చేర్చుకోండి, కాని పద్ధతిగా. ఒడిశాలో 1967 నాటి మత స్వేచ్ఛ చట్టం ఉంది. బలవంతంతో, ప్రలోభంతో, మోసంతో మతం మార్చడం నేరం. మైనర్ల విషయంలో శిక్ష రెట్టింపు, రెండేళ్ళ జైలు దాకా. ప్రార్థన, బైబిల్ పాఠం చివరి అరగంటకు మార్చి, ఆ పిల్లలు ముందే ఇంటికెళ్ళేలా చూడండి. ఉండాలనుకుంటే తల్లిదండ్రులిద్దరి చేతా రాయించుకోండి. వాళ్ళకు మాత్రమే పుస్తకాలు, బట్టలు ఉచితంగా ఇవ్వకండి. మంచి మనసుతో ఇచ్చినా, ప్రలోభమని ఎవరైనా అంటే తిప్పికొట్టడం కష్టం. అందరితో పాటు వాళ్ళ వాటా వాళ్ళనే కట్టనివ్వండి.

ప్రశ్న: ఏడాది చూసి కుదరకపోతే మళ్ళీ బడిలో వేయవచ్చా? – పర్లాకిమిడి

జవాబు: వేయవచ్చు. విద్యా హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పాత బడి టీసీ, జనన ధ్రువపత్రం, ఈ ఏడాది నోటు పుస్తకాలు పారేయకుండా ఒక సంచిలో పెట్టి ఉంచండి.