నాణేల పెట్టెకు నోటరీ కాగితం చాలదు

ప్రశ్న: నా వయసు 74 ఏళ్లు. ప్రభుత్వోద్యోగం చేసి విరమించి ప్రొద్దుటూరులో ఉంటున్నాను. 1976 నుంచి జీతంలో మిగుల్చుకున్న డబ్బుతో పాత నాణేలు సేకరించాను. గుత్తి టంకశాలలో టిప్పు సుల్తాన్ కొట్టించిన ఏనుగు బొమ్మ పైసలు, 1835 నాటి కంపెనీ రూపాయలు, విక్టోరియా రూపాయలు మొదలుకొని నయాపైసల దాకా ఉన్నాయి. జమ్మలమడుగు దగ్గర మా పొలం గట్టు తవ్వుతున్నప్పుడు మట్టిపిడతలో దొరికిన ఏడు బంగారు రూకలు కూడా వాటిలోనే ఉన్నాయి. నా భార్య నాలుగేళ్ల కిందట పోయింది. అమెరికాలో ఉన్న పెద్ద కుమారుడు, బెంగళూరులో ఉన్న చిన్న కుమారుడు వీటిని చిల్లర డబ్బాలని ఎగతాళి చేస్తారు, బంగారు అంగట్లో వేసి కరిగించమంటారు. పదహారేళ్ల నా మనవరాలు (కూతురి కూతురు) ఒక్కతే భూతద్దం పట్టుకుని నా పక్కన కూర్చుంటుంది. మొన్న ఉగాదికి వంద రూపాయల స్టాంపు కాగితం మీద ‘నా అనంతరం నా నాణేలన్నీ నా మనవరాలికే’ అని రాసి నోటరీ చేయించాను. బ్యాంకు లాకరుకు చిన్న కుమారుడు నామినీ. వీలునామా అయితే కోర్టులో నిలవదనీ, పాత తేదీ ఉన్న స్టాంపు కాగితం తెప్పిస్తే 2015లోనే దానం ఇచ్చినట్టు రాసుకోవచ్చనీ ఒక మిత్రుడు అంటున్నాడు. ఈ నాణేల మీద నా కుమారులకు పుట్టుహక్కు ఉందా? ఏం చేయమంటారు?

– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: మీ లేఖ నాలుగు పేజీలు ఉంది. పైన అచ్చయినది అందులోని సారాంశం మాత్రమే. మిగిలిన మూడు పేజీలూ కుమారులు మిమ్మల్ని ఎంత చులకన చేశారో చెప్పడానికే సరిపోయాయి. వాటితో న్యాయస్థానానికి పని లేదు. తండ్రి అభిరుచిని ఎగతాళి చేసినందుకు కొడుకుకు వారసత్వం పోదు, తాత పక్కన కూర్చున్నందుకు మనవరాలికి హక్కు రాదు. మీ వ్యవహారాన్ని తేల్చే సంగతి లేఖకు జతచేసిన జిరాక్సు ప్రతిలో ఉంది. ఆ కాగితం మీద మీ సంతకం, నోటరీ ముద్ర, ‘గుర్తించినవారు’ అన్నచోట మీ అల్లుడి సంతకం తప్ప మరేమీ లేవు. సాక్షులు లేరు. సాక్షులు లేని వీలునామా చట్టం దృష్టిలో వీలునామా కాదు.

భారత వారసత్వ చట్టం, 1925లోని 63వ సెక్షన్ ప్రకారం వీలునామాను కనీసం ఇద్దరు సాక్షులు ధ్రువపరచాలి. వారిలో ప్రతి ఒక్కరూ మీరు సంతకం చేయడం కళ్లారా చూసి ఉండాలి, లేదా ‘ఇది నా సంతకమే’ అని మీ నోట విని ఉండాలి, ఆ తర్వాత మీ ఎదుటే తాము సంతకం చేయాలి. ఇద్దరూ ఒకే సమయంలో ఉండి తీరాలన్న నిబంధన చట్టంలో లేకపోయినా, అలా ఉంటేనే రేపు అడ్డు ప్రశ్నలకు తట్టుకోగలరు. నోటరీ ముద్ర వీలునామాకు అవసరమూ కాదు, సాక్షి సంతకానికి బదులూ కాదు. సాక్షిగా నిలవాలన్న ఉద్దేశంతో చేసిన సంతకమే ధ్రువీకరణ అవుతుందని సుప్రీంకోర్టు 1969లోనే చెప్పింది కనుక, మిమ్మల్ని గుర్తుపట్టడానికి చేసిన మీ అల్లుడి సంతకాన్ని సాక్షి సంతకంగా చూపడం కష్టం. ఒకవేళ దాన్ని ఎలాగో లెక్కలోకి తీసుకున్నా అది ఒక్కటే, రెండోది ఎక్కడ? స్వదస్తూరితో రాస్తే సాక్షులు అక్కరలేదని మన జిల్లాల్లో చాలామంది నమ్ముతారు. అది కూడా పొరపాటే.

ఈ లోపం వల్ల ఏమవుతుందో చూడండి. ఆ కాగితం పక్కకు పోతే మీరు వీలునామా రాయకుండా పోయినట్టే లెక్క. మీది హిందూ కుటుంబం కనుక హిందూ వారసత్వ చట్టం, 1956లోని 8వ సెక్షన్ వర్తించి, మీ ఇద్దరు కుమారులకూ కుమార్తెకూ తలా మూడో వంతు వస్తుంది. తల్లి బతికి ఉండగా కూతురి కూతురు మీకు వారసురాలే కాదు. ఎవరికోసం ఆ కాగితం రాశారో ఆ పిల్లకు ఒక్క నయాపైస కూడా దక్కదు.

మీ కుమారులకు ఈ నాణేల మీద పుట్టుహక్కు ఉందా అన్న మీ సందేహానికి జవాబు చిన్నది. జీతంతో కొన్నవి మీ స్వార్జితం, వాటిని మీకు ఇష్టమైనవారికి రాసుకోవచ్చు. లాకరుకు నామినీగా ఉన్న చిన్న కుమారుడి సంగతీ అంతే. నామినీ లాకరు తెరవగలడు, అందులోని వస్తువుల్ని తీసుకోగలడు, కానీ నామినీ అయినంత మాత్రాన వాటికి యజమాని కాడు. వస్తువులు ఇచ్చేముందు బ్యాంకు ఒక జాబితా తయారుచేసి అతడి సంతకం తీసుకుంటుంది. అయితే ఆ జాబితాలో ‘నాణేలు ఉన్న డబ్బాలు నాలుగు’ అని మాత్రమే ఉంటే దానివల్ల మీ మనవరాలికి ఒరిగేదేమిటి?

అసలు తగాదా పుట్టేది ఇక్కడే. ‘నా నాణేలన్నీ’ అన్న రెండు మాటలతో మీరు యాభై ఏళ్ల సేకరణను చుట్టేశారు. మీరు పోయిన మూడో రోజున డబ్బాలో నూటయాభై రూపాయి నాణేలకు బదులు నూటపది కనిపిస్తే, మిగిలిన నలభై ఉండేవని రుజువు చేయాల్సిన భారం మీ మనవరాలిదే. పొలానికి సర్వే నంబరూ హద్దులూ ఉంటాయి, నాణేనికి అవి ఉండవు. ఒక విక్టోరియా రూపాయిని తీసి అరిగిపోయిన మరో విక్టోరియా రూపాయిని పెడితే కనిపెట్టగలవారు మీ ఇంట్లో ఇద్దరే, వారిలో ఒకరు అప్పటికి ఉండరు. ఇన్నేళ్లు టంకశాల గుర్తుల్ని భూతద్దంతో వెతికిన మనిషి ఒక్క నోటుపుస్తకంలోనైనా పట్టిక రాసుకోకపోవడం నాకు ఆశ్చర్యంగానూ, ఉన్నమాట చెప్పాలంటే కోపంగానూ ఉంది.

కాబట్టి వీలునామా కంటే ముందు పట్టిక తయారు కావాలి. ప్రతి నాణేనికీ ఒక వరుస సంఖ్య ఇచ్చి, లోహం, గ్రాముల్లో బరువు, ముద్రించిన సంవత్సరం లేదా టంకశాల గుర్తు, ఎప్పుడు ఎవరి దగ్గర కొన్నారో రాసి, రెండు వైపులా ఫొటోలు తీయించండి. బిల్లులు ఉంటే అదే పుస్తకానికి అంటించండి. ఫొటో బాగా రావాలని చింతపండు పెట్టి తోమకండి. తోమిన నాణెం ధర పడిపోతుందని నాకంటే మీకే బాగా తెలుసు, కానీ పట్టిక పని మనవరాలికి అప్పగిస్తే పిల్ల ఉత్సాహం ఆపలేము. ఈ పట్టిక విషయంలో తేదీల వరుస చాలా ముఖ్యం. వీలునామాలో ప్రస్తావించిన మరో పత్రం అప్పటికే రాసి ఉంటేనే అది వీలునామాలో భాగమవుతుందని వారసత్వ చట్టం 64వ సెక్షన్ చెబుతుంది. అందువల్ల పట్టిక ముందు పూర్తికావాలి, ప్రతి పుట మీద మీరు సంతకం చేయాలి, వీలునామాలో ఆ పుస్తకాన్ని తేదీతోనూ పుటల సంఖ్యతోనూ పేర్కొనాలి. తర్వాత కొన్న నాణేలను అదే పుస్తకం చివర చేర్చుకుంటూ పోతే అవి వీలునామాలోకి రావు. వాటికోసం అనుబంధ వీలునామా రాసి మళ్లీ ఇద్దరు సాక్షుల చేత సంతకం చేయించాలి, లేదా ‘పట్టికలో లేకపోయినా నా మరణం నాటికి నా వద్ద ఉన్న ఇతర నాణేలు కూడా’ అన్న వాక్యాన్ని మొదటి వీలునామాలోనే ఉంచాలి.

ఇప్పుడు మీ మిత్రుడి సలహా. ఆయన చెప్పింది తెలివి కాదు, నేరం. పాత తేదీ స్టాంపు కాగితం తెప్పించి 2015లో దానం ఇచ్చినట్టు రాసి, దాన్ని రేపు కోర్టులో చూపాలనుకోవడం అబద్ధపు సాక్ష్యాన్ని సృష్టించడమే. దానికి భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. స్టాంపు కాగితం వెనుక వరుస సంఖ్య, అమ్మిన తేదీ, కొన్నవారి పేరు ఉంటాయి, అవన్నీ వెండరు రిజిస్టరులోనూ ఉంటాయి. మొదటి వాయిదాలోనే అవతలి వకీలు ఆ రిజిస్టరు తెప్పించమని పిటిషన్ వేస్తాడు. నేరం సంగతి పక్కన పెట్టినా ఆ కాగితం నిలవదు. ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ ప్రకారం చరాస్తి దానం రిజిస్టరు పత్రం ద్వారానైనా జరగాలి, వస్తువును చేతికి అప్పగించడం ద్వారానైనా జరగాలి. నాణేలు ఈనాటికీ మీ లాకరులో, మీ తాళంచెవి కింద ఉన్నాయి. రిజిస్టరు కాని కాగితం మీద 2015లో ఇచ్చానని రాసినా, 1995లో ఇచ్చానని రాసినా అది దానం కాదు. మీరు సత్యం చెబుతున్నా ఎవరూ నమ్మని స్థితికి ఆ కాగితం మిమ్మల్ని తీసుకువెళ్తుంది, ఎందుకంటే ఒక దొంగ పత్రం పట్టుబడితే దాని పక్కన ఉన్న నిజమైన వీలునామాను కూడా న్యాయమూర్తి అనుమానంతోనే చూస్తారు.

అనుమానం అన్నాను కనుక ఇంకొక మాట. ఉగాది నాటి కాగితాన్ని మీ కుమార్తె టైపు చేయించింది, సంతకం చేసేటప్పుడు పక్కనే ఉంది, ఆమె భర్త మిమ్మల్ని గుర్తించాడు, లాభం వారి బిడ్డకు. వీలునామా చుట్టూ అనుమానాస్పద పరిస్థితులు ఉంటే వాటిని తొలగించే బాధ్యత దాన్ని ముందుకు తెచ్చినవారిదేనని సుప్రీంకోర్టు 1959లో వెంకటాచల అయ్యంగార్ కేసులో చెప్పిన సూత్రాన్ని నేటికీ ప్రతి కోర్టూ పాటిస్తోంది. ఈసారి కూతురూ అల్లుడూ ఆ ఛాయలకు రాకూడదు. మిమ్మల్ని చూసే డాక్టరు ఒక సాక్షిగా, మీకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడైన స్థిరనివాసి ఒకరు రెండో సాక్షిగా ఉండాలి. వీలునామాను రుజువు చేయడానికి సాక్షుల్లో కనీసం ఒకరు కోర్టుకు వచ్చి చెప్పాలి కనుక, మీ వయసువారిని సాక్షిగా పెట్టుకోవడంలో అర్థం లేదు. కుమారులకు ఎందుకు ఇవ్వడం లేదో రెండు వాక్యాల్లో, తిట్లు లేకుండా రాయండి.

మీరు గొప్పగా చెప్పుకున్న ఏడు రూకల విషయం నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. భూమిలో దాగి ఉండి దొరికిన విలువైన వస్తువు, అది మీ సొంత పొలమే అయినా, 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం కింద ‘నిధి’ అవుతుంది. దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. తెలియజేయకపోతే దొరికినవారి వాటా ప్రభుత్వానికి పోతుంది, ఏడాది వరకు జైలుశిక్ష కూడా ఉంది. గుప్తనిధుల కోసం గుడుల వెనుక తవ్వేవారి వార్తలు మన సీమలో కొత్త కాదు. మీరు ఆ కోవకు చెందినవారని నేను అనడం లేదు, కానీ చట్టం మీ మంచితనం చూసి మినహాయింపు ఇవ్వదు. ఈ ఏడింటినీ పట్టికలోనూ వీలునామాలోనూ చేర్చవద్దు, అమ్మవద్దు, కరిగించవద్దు. ఒక క్రిమినల్ న్యాయవాదిని స్వయంగా కలిసి, ఆయన ద్వారా కలెక్టరుకు తెలియజేయండి. పదహారేళ్ల పిల్లకు కేసుతో సహా వారసత్వం ఇవ్వకండి.

నూరేళ్లు దాటిన ప్రతి నాణెమూ పురావస్తువుల చట్టం, 1972 కింద పురావస్తువే. ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించకూడదు. పెద్ద కుమారుడిని సముదాయించడానికి కొన్ని విక్టోరియా రూపాయలు అతడికి రాస్తే, అతడు యజమాని అవుతాడు కానీ అమెరికాకు తీసుకువెళ్లలేడు.

ఇక కాలదోషం. ఆస్తి తగాదా అనగానే పన్నెండేళ్ల గడువు ఉందని అందరూ ధీమాగా ఉంటారు. అది స్థిరాస్తికి. ఒకరు అన్యాయంగా తీసుకుపోయిన ఫలానా చరవస్తువును తిరిగి రాబట్టుకోవడానికి కాలపరిమితి చట్టం, 1963 ఇచ్చే గడువు మూడేళ్లే. వస్తువు దొంగిలించినదో కాజేసినదో అయితే, అది ఎవరి దగ్గర ఉందో తెలిసిన నాటి నుంచి ఆ మూడేళ్లు లెక్కిస్తారు. మైనరుకు కొంత వెసులుబాటు ఉన్నా, మైనారిటీ తీరిన తర్వాత మూడేళ్లు దాటి అది సాగదు. అదే మీరు వీలునామాలో ఒక కార్యనిర్వాహకుడిని, అంటే ఎగ్జిక్యూటరును నియమించి ఉంటే, వీలునామా ద్వారా తనకు రావలసినదాని కోసం అతడి మీద దావా వేయడానికి మీ మనవరాలికి పన్నెండేళ్లు ఉంటాయి. చాలామంది కాగితం బరువు పెంచే అలంకారంగా చూసే ఈ ఒక్క వాక్యానికి ఇంత తేడా ఉంది. కార్యనిర్వాహకుడిగా కుటుంబం బయటి నమ్మకస్తుడిని పెట్టి, పిల్లకు 18 ఏళ్లు నిండేవరకు నాణేలు అతడి ఆధీనంలో ఉండాలని స్పష్టంగా రాయండి.

వీలునామాకు స్టాంపు సుంకం లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, మన జిల్లాల్లో ప్రొబేట్, అంటే వీలునామాకు కోర్టు ఇచ్చే ధ్రువీకరణ కూడా తప్పనిసరి కాదు. అయినా సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరు చేయించండి. రిజిస్టరు అయినంత మాత్రాన సాక్షుల లోపం పూడదు గానీ, కాగితం తర్వాత పుట్టించిందన్న వాదనకు తావుండదు. నాణేలు ఎవరికి రాశారో కుమారులకు ఇప్పుడే తెలియకూడదనుకుంటే, రిజిస్టరు చేయించకుండా సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు వద్ద దాచే వెసులుబాటు ఉంది. నాణేల పట్టిక పుస్తకానికి రెండు ప్రతులు చేసి ఒకటి లాకరులోనూ ఒకటి కార్యనిర్వాహకుడి దగ్గరా ఉంచండి. ఉగాది నాటి నోటరీ కాగితాన్ని చించవద్దు. కొత్త వీలునామాలో దాని తేదీని పేర్కొని రద్దు చేస్తున్నట్టు రాసి, ఆ కాగితాన్ని మీ న్యాయవాది ఫైలులో పెట్టించండి. మీ ఉద్దేశం మొదటి నుంచీ ఒకటేనని చూపడానికి అది అక్కడ పనికివస్తుంది.