వేటకు పోయే ముందు ఇది చదువు, అల్లుడూ

అల్లుడూ,

అమెరికాలో నువ్వుండే ఆర్కాన్సా రాష్ట్రంలో నీ ఆఫీసు స్నేహితులు కుందేళ్ల వేటకు రమ్మంటున్నారని మీ అమ్మ చెప్పింది. మన అనంతపురం పక్క చెవులపిల్లిని కొడితే వన్యప్రాణి చట్టం కింద కేసు. అక్కడ లైసెన్సు ఉంటే పోవచ్చంట కదా, నేను వద్దనను. కానీ పశువుల ఆస్పత్రిలో పనిచేసి రిటైరైనవాణ్ని, కుందేళ్ల నుంచి మనుషులకు సోకే టులరీమియా అనే జబ్బు గురించి నీకు చెప్పకుండా ఉండలేను.

1911లో కాలిఫోర్నియాలో నేల ఉడుతల్లో దీన్ని మొదట గుర్తించారు. అమెరికా మొత్తంలో ఏడాదికి రెండు వందల కేసులంటే అరుదే. అయితే 2011 నుంచి 2022 దాకా వచ్చిన కేసుల్లో సగం ఆర్కాన్సా, మిస్సోరీ, ఓక్లహోమా, కాన్సస్‌లవే. నువ్వుండేది సరిగ్గా అక్కడే.

దగ్గరికి పోయినా కదలకుండా ముడుచుకుని కూర్చున్న కుందేలు సులువుగా దొరికిందని సంబరపడొద్దు, అది జబ్బుది కావచ్చు. దాని జోలికే పోవద్దు. అన్నిటికన్నా ప్రమాదం తోలు ఒలిచేటప్పుడు. గోరు పక్కన చిన్న చీలిక ఉన్నా చాలు, పదీ యాభై క్రిములతోనే రోగం అంటుకుంటుంది. రబ్బరు గ్లౌజులు లేకుండా కత్తి పట్టొద్దు. కోశాక కాలేయం మీద తెల్లటి చుక్కలు కనబడితే ఆ మాంసం మొత్తం పారేయాల్సిందే. ఫ్రీజర్‌లో పెడితే ఈ క్రిమి చావదు, బాగా ఉడికిస్తేనే చస్తుంది.

పిడుదులు కుట్టినా, జోరీగల్లాంటి ఈగలు కుట్టినా ఇది వస్తుంది. ఇంటికి రాగానే చంకలు, గజ్జలు, మోకాళ్ల వెనక చూసుకో. పిడుదు కనబడితే ట్వీజర్స్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగు. మనవాళ్లలాగా కిరసనాయిలు పూయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేయొద్దు.

సాధారణంగా మూడు నుంచి ఐదు రోజుల్లో, ఒక్కోసారి రెండు వారాలకు, చలితో జ్వరం వస్తుంది. క్రిమి దూరిన చోట పొక్కు లేచి పుండవుతుంది, ఆ వైపు చంకలోనో గజ్జలోనో బిళ్ళ కడుతుంది. అందరికీ పుండు పడాలని లేదు, అందుకే దీన్ని ఫ్లూ అనుకునే ప్రమాదం ఉంది. మొహమాటపడకుండా డాక్టరుకు "కుందేలును కోశాను" అని మొదటి మాటగా చెప్పు. ఆ ముక్క చెప్పకపోతే ఆయనకు ఈ జబ్బు తట్టకపోవచ్చు. అమాక్సిసిలిన్ లాంటి మామూలు మందులు దీనిమీద పనిచేయవు. జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్, డాక్సీసైక్లిన్ లాంటివి పనిచేస్తాయి. తగ్గిందని మధ్యలో ఆపకుండా కోర్సు పూర్తి చేయాలి.

మనిషి నుంచి మనిషికి అంటదు, కాబట్టి ఇంట్లోవాళ్ల గురించి టెన్షన్ పడక్కర్లేదు. కానీ ల్యాబ్‌లో శాంపిల్‌లోని క్రిమిని పరీక్ష కోసం పెంచేటప్పుడు గాలి ద్వారా అక్కడి సిబ్బందికి సోకుతుంది. అనుమానం ఉందని డాక్టరు వాళ్లకు ముందే చెప్పేలా చూడు.

మీ మామ