నీలం రాయిలో సన్నటి గీతలుంటే నకిలీయేనా?

లెన్స్‌లో చూస్తే మీ నీలం లోపల దారాల్లాంటి గీతలు కనిపించాయని, నకిలీదేమోనని టెన్షన్ పడుతున్నారు. నిజానికి అది మంచి సూచనే. సహజ నీలంలో రూటైల్ అనే ఖనిజం వెంట్రుక కంటే సన్నటి సూదుల్లా ఉంటుంది, దాన్నే సిల్క్ అంటారు. 10 రెట్ల లెన్స్ పట్టుకుని, పక్కనుంచి టార్చ్ వేసి, రాయిని మెల్లగా తిప్పండి. సూదులు 60 డిగ్రీల కోణంలో ఒకదాన్నొకటి దాటుతూ తెగకుండా మెరిస్తే, రంగు మెరుగుపడాలని రాయిని బాగా ఎక్కువ వేడిలో కాల్చలేదన్నమాట. కాల్చితే అవి చుక్కలు చుక్కలుగా విడిపోతాయి.

గీతలు వంపు తిరిగి, గుండ్రటి గాలి బుడగలు కూడా ఉంటే అనుమానించండి. మంటలో కరిగించి చేసిన కృత్రిమ నీలం తీరు అది. నేనైతే సిల్క్ కంటే పైదాకా వచ్చిన పగులుకే ఎక్కువ భయపడతాను, దెబ్బ తగిలితే రాయి అక్కడే విరుగుతుంది. తుది నిర్ధారణకు ల్యాబ్ రిపోర్ట్ తప్పదు.