సందేహాలు – సమాధానాలు: దేవుడు కూడా చింతిస్తాడా?

సందేహం: మా ఇంట్లో ప్రార్థన పెట్టుకున్న రోజు ఇంటర్ చదివే మా అక్కకొడుకు ఒక ప్రశ్న వేశాడు. "మత్తయి 6లో 'చింతింపకుడి' అని యేసు చెప్పాడు కదా, మరి 1 పేతురు 5:7లో 'ఆయన మిమ్మునుగూర్చి చింతించుచున్నాడు గనుక మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి' అని ఉందేంటి పిన్నీ? మనల్ని వద్దని దేవుడు టెన్షన్ పడతాడా?" నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఇంకొకటి, మా సభల ఫ్లెక్సీ నమూనాలో 'నిత్యజీవితం పొందండి' అని ఉంది. 'నిత్యజీవం' అనాలి కదా?
– ఒక పాఠకురాలు, బోయినపల్లి

సమాధానం: పిల్లవాడు అడిగింది న్యాయమే. ఇవాళ్టి తెలుగు అలవాటైన చెవికి ఆ వాక్యం అలాగే వినిపిస్తుంది. సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు లేటయితే మైకులో 'మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము' అంటారు, పేపర్లో తప్పు పడితే మర్నాడు 'పొరపాటుకు చింతిస్తున్నాం' అని ఓ మూల వేస్తారు. అంటే చింతించడానికి మనం వాడుకలో ఉంచుకున్నవి రెండే అర్థాలు: దిగులు పడటం, నొచ్చుకున్నామని మర్యాదకు చెప్పడం. (నిజంగా నొచ్చుకుంటున్నారా లేదా అన్నది ప్లాట్‌ఫాం మీద నిలబడ్డవాళ్లకే తెలియాలి.)

సంస్కృతంలో ఆ ధాతువుకు మొదటి అర్థం ఆలోచించడం. తత్త్వచింతన అంటే తత్త్వం గురించి దిగులు కాదు కదా. హితచింతకుడు మన మేలు ఆలోచించేవాడు. భగవద్గీతలో 'అనన్యాశ్చింతయంతో మాం' అన్న చోట కూడా నన్నే తలచుకునేవాళ్లు అని అర్థం. ఒకరిని మనసులో పెట్టుకోవడం, వాళ్ల బాగోగులు తలచుకోవడం అనే ఈ పాత అర్థమే పేతురు పత్రిక (అంటే ఉత్తరం) తెలుగులో నిలిచి ఉంది. చింతచెట్టుకూ దీనికీ సంబంధం లేదు, ఆ చింత మన సొంతం.

గ్రీకు మూలంలో పేతురు వాడినవి రెండు వేరు వేరు మాటలు. 'మీ చింత' అన్న చోట ఉన్నది మెరిమ్న, మత్తయి 6లో వద్దన్నదీ ఆ మాట నుంచి వచ్చిన క్రియనే. 'ఆయన చింతించుచున్నాడు' అన్న చోట ఉన్నది మెలెయి. దానికి దిగులుతో పని లేదు, 'ఆయనకు పట్టింపు ఉంది' అని చెప్పుకోవచ్చు. తెలుగులో రెండూ ఒకే మాట కిందికి వచ్చేసరికి మీవాడికి చిక్కొచ్చింది.

అనువాదకులు ఏమరుపాటుగా పెట్టారని మాత్రం నేననుకోను. మార్కు 4:38 తీయండి. తుపానులో దోనె నిండిపోతోంది, యేసు దోనె వెనక భాగంలో తలగడ మీద నిద్రపోతున్నాడు, శిష్యులు లేపి 'బోధకుడా, మేము నశించిపోవుచున్నాము. నీకు చింతలేదా' అంటారు. అక్కడున్నదీ మెలెయినే. నీకు టెన్షన్ లేదా అని కాదు వాళ్లు అడిగేది, మేమేమైపోయినా నీకు పట్టదా అని. లూకా 10లో యేసును ఇంటికి పిలిచిన మార్త కూడా వంటపనంతా తనమీదే పడిందని విసుక్కుంటూ 'నీకు చింతలేదా' అనే అడుగుతుంది. ఆమెకు వచ్చిన జవాబు చూడండి: 'నీవనేకమైన పనులను గూర్చి విచారము కలిగి తొందరపడుచున్నావు'. ఇక్కడ మెరిమ్న క్రియకు 'విచారము' అన్నారు, మెలెయికి 'చింత' అన్నారు, పక్కపక్క వచనాల్లోనే తేడా చూపించారు. దోనెలో మీద పడి అడిగిన శిష్యుల్లో ఒకడైన పేతురు పేరుతో ఉన్న పత్రికలోనే, అదే క్రియతో 'ఆయనకు పట్టింపు ఉంది' అన్న జవాబు దొరకడం నాకు భలేగా అనిపిస్తుంది.

విచారం కథా ఇంతే. మనకిప్పుడు విచారం అంటే ఏడుపు ముఖం, కానీ యోగక్షేమాలు విచారించడం ఇంకా పోలేదు. కేథలిక్కులు తమ చర్చి పరిధిని విచారణ అనీ, దాన్ని చూసుకునే ఫాదర్‌గారిని విచారణకర్త అనీ అంటారు.

ఇక మీవాడికి చెప్పాలంటే గ్రీకు దాకా వెళ్లక్కర్లేదు, మన హైదరాబాద్ మాటే చాలు. అరబ్బీలో ఫికర్ అంటే ఆలోచన. ఉర్దూ మీదుగా మనదాకా వచ్చేసరికి దానికీ రెండు ముఖాలొచ్చాయి. 'ఫికర్ చెయ్యకు' అంటే రంది పడకు అని, 'ఇంట్లోవాళ్ల ఫికర్ లేదు వీనికి' అంటే పట్టించుకోడని. ఆ వచనాన్ని బస్తీ మాటలో పెడితే 'నీ ఫికరంతా ఆయన మీద వేసెయ్, నీ ఫికర్ ఆయనకుంది' అవుతుంది. ఇంటర్ కుర్రాడికి ఇంతకన్నా వివరంగా చెప్పాల్సిన పని లేదనుకుంటాను. చర్చిలో చదివేటప్పుడు పాత వాక్యమే చదవండి, వివరించేటప్పుడు 'మీ బాగోగులు ఆయన చూసుకుంటున్నాడు' అనండి.

'వేయుడి' కూడా గట్టి మాటే. గాడిదపిల్ల మీద బట్టలు వేశారని లూకా 19:35లో ఉంది చూడండి, అక్కడి గ్రీకు క్రియే ఇక్కడిదీ. కొంచెం కొంచెం చెప్పుకోవడం కాదు, తన మీది నుంచి తీసి అవతల పడెయ్యడం. కీర్తన 55:22లో 'నీ భారము యెహోవామీద మోపుము' అన్నదాన్నే పేతురు తలచుకున్నాడు. హీబ్రూను అనుసరించి మన తెలుగు 'భారము' అంది, పాత గ్రీకు అనువాదం అక్కడ మెరిమ్న అంది.

ఒక జాగ్రత్త. 'చింతింపకుడి' అన్నదాన్ని కొందరు ప్రసంగాల్లో 'దేన్నీ పట్టించుకోకండి' అని తేలిక చేస్తున్నారు, అది తప్పు. అదే మత్తయి 6లో యేసు చూపించిన పక్షులు విత్తవు, కోయవు, నిజమే, కానీ తిండి వెతుక్కోవడానికి పొద్దున్నే ఎగురుతాయి. 'ఏమి తిందుమో యేమి త్రాగుదుమో' అని లోపల నలిగిపోవడాన్నే వద్దన్నాడు. పరీక్షకు చదవకుండా కూర్చోమని ఆ వచనంలో లేదు, మీవాడు అలా లాగితే ఒప్పుకోకండి.

ఫ్లెక్సీ సంగతికొస్తే మీదే రైటు. నిత్యం అంటే ఎప్పుడూ ఉండేది అనే అర్థం ఒకటి, రోజూ జరిగేది అనే అర్థం ఒకటి. నిత్యకర్మ, నిత్యావసరాలు రెండో రకం. 'దృశ్యమైనవి అనిత్యములు, అదృశ్యమైనవి నిత్యములు' అని 2 కొరింథీ 4:18లో ఉన్నది మొదటి రకం. జీవం అంటే ప్రాణం, బతికించే శక్తి. జీవితం మనం గడిపే బతుకు. అందుకని 'నిత్యజీవం' అంటే క్రైస్తవులు చెప్పే శాశ్వత జీవం, 'నిత్యజీవితం' అంటే పొద్దున్నే లేచి పాలు, బస్సు, ఆఫీసు. అది పొందడానికి సభకెందుకు, అందరికీ ఉన్నదే. ఇంకా నమూనాయే అంటున్నారు కాబట్టి ప్రింటుకు పోకముందే ఆ 'వితం' తీసి 'వం' పెట్టించండి: 'నిత్యజీవం పొందండి'. పాత బైబిల్ పద్ధతిలో కావాలంటే 'నిత్యజీవము'. రెండూ సరే, 'నిత్య జీవం' అని మధ్యలో ఖాళీ మాత్రం వద్దు.