నీ టాంగియాకి కాస్త కోత వెయ్యాలి

చి. అల్లుడికి,

పర్లాకిమిడి నుంచి మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన టాంగియా బొమ్మ, లెక్కలు చూశాను. ఒడిశాలో చాటికోనా బుధవారం సంతకి డోంగ్రియా కోందు గిరిజనులు భుజాన వేసుకొచ్చే ఈ గొడ్డలిని డి అండ్ డి (డంజన్స్ అండ్ డ్రాగన్స్) పాచికల ఆటలోకి తేవాలన్న ఆలోచన నాకు భలే నచ్చింది. ఆ పొడుగు పిడి, చిన్న బ్లేడు అచ్చం దించేశావు. తొందరపడ్డదల్లా లెక్కల దగ్గరే.

ఒంటి చేత్తో 1డి10 (అంటే పది ముఖాల పాచిక ఒకటి వేస్తే పడినంత దెబ్బ), పది అడుగుల దూరం నుంచి కొట్టొచ్చు, విసరొచ్చు, పైగా దెబ్బదెబ్బకీ 1డి6 నిప్పు. అన్నీ ఇచ్చావు, ఏదీ తగ్గించలేదు. ఇది ఉండగా మిగతా ఆయుధాలు ఎవరు ముట్టుకుంటారు? ముందు పుస్తకంలో దీనికి దగ్గరగా ఉన్నదాన్ని పక్కన పెట్టుకో. ఐదో ఎడిషన్‌లో అది బ్యాటిల్ యాక్స్: ఒంటి చేత్తో 1డి8, రెండు చేతులతో 1డి10. అక్కణ్ణుంచి ఒకటి ఇస్తే ఒకటి తియ్యాలి. గ్లేవ్‌కి (పొడుగు కర్రకి బిగించిన కత్తి) పది అడుగుల దూరం ఉంది, కానీ రెండు చేతులూ కావాలి, డాలు పట్టుకోవడం కుదరదు. కొరడాకీ అంతే దూరం, ఒక చెయ్యి చాలు, అందుకే 1డి4తో సరిపెట్టారు. నీ పిడి పొడుగు కాబట్టి దూరం ఉంచి 1డి6 చెయ్యి. విసరడం తీసెయ్యి. మీ గుంపులో రోగ్ (దొంగ లాంటి పాత్ర) ఆడే అమ్మాయి కత్తులు విసురుతుందన్నావు కదా, అది కూడా గొడ్డలికే ఇచ్చేస్తే ఆ పిల్లకి ఏం మిగులుతుంది?

అసలు ప్రమాదం నిప్పుతోనే. 1డి6 అంటే సగటున మూడున్నరే కదా అనిపిస్తుంది. కానీ ఫైటర్‌కి, అంటే యోధుడి పాత్రకి, 5వ లెవెల్లో ఒకే టర్నులో రెండో దెబ్బ వస్తుంది, 11లో మూడోది. మూడూ తగిలితే ఆ మూడున్నర కాస్తా పదిన్నర. క్రిటికల్ (ఇరవై ముఖాల పాచిక మీద 20) పడితే నిప్పు పాచికలూ రెట్టింపే. రాసిన రోజు చిన్నగా కనిపించేదే పోనుపోను ఆటని మింగేస్తుంది. "టర్నుకి ఒక్కసారే" అని ఒక్క ముక్క చేర్చు, చాలు.

+1 (గురికీ దెబ్బకీ ఒక అంకె అదనం) పెట్టాలనిపిస్తే అది వేరే ఆయుధానికి పెట్టుకో. ఇరవై ముఖాల పాచిక మీద ఆ ఒక్క అంకె అంటే దెబ్బ తగిలే అవకాశం 5 శాతం పెరిగినట్టు, పైగా ప్రతి దెబ్బకీ వర్తిస్తుంది.

తర్వాత ఒక ఓగ్ర్‌ని (ఆటలో ఒక రాకాసి) ఎదురుగా నిలబెట్టి ఆడి చూడు. 2014 పుస్తకం ప్రకారం దానికి 59 హిట్ పాయింట్లు (అంత దెబ్బ తింటే పడిపోతుంది), ఆర్మర్ క్లాస్ 11 (గురి పాచిక కనీసం అంత పడితేనే దెబ్బ తగులుతుంది). గురి పాచికకి +5, దెబ్బకి +3 కలుపుకునే కొత్త ఫైటర్‌కి మామూలు బ్యాటిల్ యాక్స్‌తో సుమారు 10 రౌండ్లు పడుతుంది. నువ్వు మొదట రాసినదానితో 6 చాలు. నేను చెప్పినట్టు మారిస్తే ఏడెనిమిది. నిప్పున్న ఆయుధానికి ఆ మాత్రం తేడా న్యాయమే.

మార్చాక ఆ రోగ్ అమ్మాయికి కూడా చూపించు, తన మాట విను. బొమ్మ మాత్రం ఒక్క గీత కూడా మార్చకు.

ఇట్లు,
మావయ్య