ఫాదర్ల యూనివర్సిటీకి పంపితే నిశ్చింతేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ అయింది. అమెరికాలో ఎంఎస్‌కి రెండు చోట్ల సీటొచ్చింది. ఒకటి ప్రభుత్వ యూనివర్సిటీ, రెండోది క్యాథలిక్ ఫాదర్లది. రెండోదానికి ఫీజు బాగా ఎక్కువ. అయినా అక్కడికే పంపుదామనుకుంటున్నాం, ఎందుకంటే నేను సిస్టర్ల స్కూల్లో చదివాను, ఆ క్రమశిక్షణ ఎలాంటిదో నాకు తెలుసు. మా అత్తగారేమో పిల్లని మతంలో కలిపేస్తారని రోజూ గొడవ. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, విజయనగరం

జవాబు: ముందు మీ అత్తగారి సంగతి తేల్చేద్దాం, అది చిన్నది. క్యాథలిక్ యూనివర్సిటీలు ఎలా నడవాలో చెబుతూ 1990లో పోప్ రెండో జాన్ పాల్ ‘ఎక్స్ కోర్దె ఎక్లేసియే’ అని ఒక శాసనం ఇచ్చారు. ప్రతి ఒక్కరి మనస్సాక్షిని, మతస్వేచ్ఛను గౌరవించాలని అందులోనే ఉంది. వాషింగ్టన్‌లో 1789లో మొదలైన జార్జ్‌టౌన్ జెస్యూట్లు అనే క్యాథలిక్ సంఘం ఫాదర్ల యూనివర్సిటీయే, మరి అక్కడ హిందూ పిల్లల కోసం హిందూ పూజారిని పెట్టుకున్నారు. డిగ్రీ పిల్లలకైతే చాలా చోట్ల థియాలజీ, అంటే దైవశాస్త్రం, పేపర్లుంటాయి. అవి చదివి పరీక్ష రాసి మర్చిపోయేవే, మనం ఇంటర్లో సంస్కృతం రాసినట్టు.

ఇక మీ సంగతి. మీరు డబ్బు ఎక్కువ పెట్టి కొనాలనుకుంటున్నది చదువుని కాదమ్మా, కాపలాని. ఆ కాపలా అక్కడ ఉందా అంటే, కొన్ని చోట్ల కొంత ఉంది. ఇండియానాలో నోటర్‌డామ్ అని 1842 నాటి యూనివర్సిటీ ఉంది. డిగ్రీ ఆడపిల్లల హాస్టళ్లు వేరు, మగపిల్లలవి వేరు, ప్రతి హాస్టల్లోనూ ఒక చాపెల్, అంటే చిన్న ప్రార్థన మందిరం. మామూలు రోజుల్లో రాత్రి 12 గంటలకి, శుక్ర, శనివారాల్లో 2 గంటలకి ఆడపిల్లల హాస్టల్లోంచి మగపిల్లలు, మగపిల్లల హాస్టల్లోంచి ఆడపిల్లలు వెళ్లిపోవాలి. (అర్ధరాత్రి రెండింటి దాకానా అని మీరు నోరు తెరిచి ఉంటారు, మన హాస్టళ్లలో ఏడింటికే గేటుకి తాళం పడేది కదా!) పెళ్లి కాకుండా శారీరక సంబంధం తప్పని వాళ్ల నిబంధనల పుస్తకంలోనే రాసుంటుంది. ఇంకోపక్క జార్జ్‌టౌన్‌లో ఆడా మగా ఒకే భవనంలో ఉండే హాస్టళ్లున్నాయి. క్యాథలిక్ యూనివర్సిటీ ఆఫ్ అమెరికా అని పేరులోనే క్యాథలిక్ ఉన్న చోట కూడా కలిపే ఉంచేవారు, తాగుడు, విచ్చలవిడి సంబంధాలు ఎక్కువవుతున్నాయని 2011లో మళ్లీ విడదీస్తామని ప్రకటించారు. బోర్డు మీద క్యాథలిక్ అని ఉన్నంత మాత్రాన లోపల ఒకటే పద్ధతి ఉండదు.

మందు గురించి కూడా మీకో భ్రమ ఉండొచ్చు. మన జిల్లాల్లో బొబ్బిలి, శ్రీకాకుళం వైపు కెనడా నుంచి వచ్చిన బాప్టిస్టులు, అంటే క్యాథలిక్కులు కాని వేరే శాఖ క్రైస్తవులు, మిషన్లు పెట్టారు, చుక్క ముట్టని మనుషులు, అందుకే చర్చి అనగానే మనకి అదే గుర్తొస్తుంది. క్యాథలిక్కులకి ద్రాక్షారసం పూజలోనే ఉంది. అమెరికాలో 21 నిండినవాళ్లు తాగడం చట్టప్రకారం తప్పు కాదు, బీటెక్ అయిన మీ అమ్మాయికి ఆ వయసు వచ్చేసే ఉంటుంది.

అసలు విషయం ఏమిటంటే, ఈ హాస్టల్ రూల్సన్నీ ఎక్కువగా డిగ్రీ పిల్లలకి. ఎంఎస్‌కి వెళ్లిన మన తెలుగు పిల్లలు చాలామంది బయట అపార్ట్‌మెంట్ తీసుకుని నలుగురైదుగురు కలిసి ఉంటారు, అక్కడ ఏ ఫాదరూ తలుపు కొట్టడు. ఇంకొకటి, మీ స్కూల్లో మార్కులు తగ్గితే సిస్టర్ మీ నాన్నగారికి కబురు పెట్టి ఉంటారు. అక్కడ 1974 నాటి ఒక చట్టం ప్రకారం, పిల్ల రాసి ఇస్తే తప్ప, మార్కులు కూడా మామూలుగా తల్లిదండ్రులకి చెప్పరు, ఫీజు మీరే కట్టినా సరే. ఫాదర్ల యూనివర్సిటీకీ ఇదే చట్టం.

కాబట్టి ఏ కోర్సు బాగుంది, అప్పు ఎంత, అది తీర్చే ఉద్యోగం వస్తుందా, వీటిని చూసి తేల్చుకోండి. రెండింటి స్టూడెంట్ హ్యాండ్‌బుక్కులూ వెబ్‌సైట్లో ఉంటాయి, అమ్మాయినే చదివి మీకు చెప్పమనండి. మీ భయాలేమిటో మీరూ తనకి నేరుగా చెప్పండి. ఉత్తరం నాకు రాశారు గానీ, ఆ మాట తనతో అన్నట్టు ఇందులో ఎక్కడా లేదు.

ప్రశ్న: మేడమ్, నేను ఇక్కడే ఒక క్యాథలిక్ కాలేజీలో డిగ్రీ చేస్తున్నాను. ప్రార్థనకి రాకపోతే అటెండెన్స్ కట్ చేస్తారట. నిజమేనా?
– శ్రీకాకుళం విద్యార్థి

జవాబు: ‘అట’ అంటున్నావు, ముందు నోటీసు చూడు నాన్నా. అది పూజా, వాల్యూ ఎడ్యుకేషన్ క్లాసా? క్లాసయితే ఎగ్గొట్టినందుకు కట్ చేస్తారు, అందులో మతం ఏమీ లేదు. పూజ అయితే, రాజ్యాంగం 28వ అధికరణం మూడో క్లాజు ఉంది: ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న కాలేజీలో నీ సమ్మతి లేకుండా మత ఆరాధనకి రమ్మని బలవంతపెట్టకూడదు, మైనరువైతే ఇంట్లో పెద్దల సమ్మతి కావాలి. ఆ ముక్క ఒక కాగితం మీద మర్యాదగా రాసి ప్రిన్సిపాల్ ఫాదర్‌గారికి ఇవ్వు.